ఇంటి అప్పు, దేశపు అప్పు

వడ్డీని గురించి మాట్లాడేటప్పుడు మనలో రెండు రకాల వారు కనిపిస్తారు. మొదటి రకం వారికి వడ్డీ కేవలం వ్యక్తిగతమైన పాపం. మద్యం, జూదం వలె అది కూడా ఒక నిషిద్ధం. దాన్ని తాకకుండా ఉంటే తమ బాధ్యత తీరిపోయిందని వారు తలుస్తారు. రెండవ రకం వారు ఎక్కువగా చదువుకున్నవారు. వడ్డీ నిషేధం పూర్వకాలపు అరబ్బు సమాజంలోని నిర్దయులైన షావుకార్లను ఉద్దేశించినదనీ, నేటి బ్యాంకుకూ దానికీ పోలిక లేదనీ వారి వాదన. ఈ ఇద్దరూ వడ్డీని ఒక లావాదేవీగానే చూస్తున్నారు. ఇచ్చేవాడికీ పుచ్చుకొనేవాడికీ మధ్య అది ఏర్పరచే సంబంధాన్ని చూడటం లేదు. ఆ సంబంధం ఒక ఇంటిలో ఎలా పనిచేస్తుందో ఒక దేశంలోనూ అలాగే పనిచేస్తుంది. ఈ సంగతిని మొదట ఒక చిన్న లెక్కతోనూ, తరువాత ఈజిప్టు చరిత్రతోనూ వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

నూరు రోజుల అప్పు

మన పట్టణాలలో తోపుడుబండి మీద పండ్లు అమ్మేవారికి, టీ దుకాణాల వారికి 'డైలీ ఫైనాన్స్' అనే పేరుతో అప్పు దొరుకుతుంది. అప్పు 10,000 రూపాయలు అనుకుందాం. చేతికి ఇచ్చేది 9,000. మిగిలిన వెయ్యి ముందే కోసుకుంటారు. మరునాటి నుండి రోజుకు 100 రూపాయల చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా, నూటికి పదే కదా అనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకూ తరిగిపోతున్నది. ఆ నూరు రోజులలో అతని చేతిలో సగటున ఉండేది 9,000 కాదు, అందులో సగం, అనగా సుమారు 4,500. ఆ సొమ్ముకు మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయల వడ్డీ! ఏడాదికి లెక్కకడితే నూటికి 80 రూపాయలు దాటుతుంది.

అయితే ఇక్కడ గమనించవలసినది వడ్డీ రేటు ఒక్కటే కాదు. వాన పడి బండి కదలని రోజున, పండ్లు కుళ్ళిపోయిన రోజున, బిడ్డకు జ్వరం వచ్చి ఆసుపత్రికి పోయిన రోజున కూడా ఆ వంద కట్టవలసిందే. బేరం సాగినా సాగకపోయినా ఇచ్చినవాడి రాబడి ఖాయం. నష్టభయమంతా ఒక వైపు, ఖాయమైన లాభమంతా మరొక వైపు. రేటు 80 నుండి 8కి దిగినా బరువు తగ్గుతుందే గాని ఈ అమరిక మారదు.

మరి బాకీ ఆగితే ఏమవుతుంది? ఇచ్చినవాడి చూపు బండి మీద, కాటా మీద, ఇల్లాలి మెడలోని నగ మీద పడుతుంది. ఇంట్లో ఏ ఖర్చు తగ్గించుకోవాలో, ఏ వస్తువు అమ్ముకోవాలో అతడే చెప్పటం మొదలుపెడతాడు. అంతవరకు డబ్బుకు యజమానిగా ఉన్నవాడు ఇప్పుడు మనిషికి యజమాని అవుతాడు.

ఖుర్ఆన్ చూపిన భేదం

దివ్యఖుర్ఆన్‌లోని బఖరా సూరా 275 నుండి 281 వరకు గల ఆయతులు ఈ విషయాన్ని చర్చించాయి. వర్తకం కూడా వడ్డీ లాంటిదేనని ఆనాటి వడ్డీ వ్యాపారులు వాదించేవారు. రెండింటిలోనూ పెట్టిన సొమ్ము పెరిగి వస్తుంది గదా అన్నది వారి తర్కం. అల్లాహ్ ఆ తర్కాన్ని అంగీకరించక, ఒకదాన్ని ధర్మసమ్మతం చేసి రెండవదాన్ని నిషేధించాడు. ధర్మశాస్త్రవేత్తలు ఈ భేదానికి గల కారణాన్ని ఇలా వివరించారు: వర్తకుడు సరుకును తన స్వాధీనంలో ఉంచుకొని దాని నష్టానికి తానే బాధ్యుడవుతాడు, కనుక లాభానికి అర్హుడు. వడ్డీ తీసుకొనేవాడు ఏ నష్టానికీ భుజం ఇవ్వకుండా లాభం కోరుతాడు.

ఆ సందర్భంలోనే మరి రెండు ఆదేశాలు ఉన్నాయి. 280వ ఆయతు ప్రకారం ఋణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు అతనికి గడువు ఇవ్వాలి; మాఫీ చేయటం ఇంకా మేలు. 282వ ఆయతు ఋణాన్ని వ్రాతపూర్వకంగా ఉంచమంటూ, ఆ పత్రాన్ని చెప్పి వ్రాయించే బాధ్యతను అప్పు తీసుకొన్న వానికి అప్పగించింది. అనగా షరతులు అతని నోటి నుండి, అతనికి అర్థమయ్యే మాటలలో రావాలి. అప్పులవాడు ఎక్కడ చూపితే అక్కడ వేలిముద్ర వేసే నేటి పద్ధతికీ దీనికీ ఎంత దూరమో చూడండి.

హిజ్రీ 10వ సంవత్సరంలో, తమ అంతిమ హజ్ ప్రసంగంలో దైవప్రవక్త (స) అజ్ఞానకాలపు వడ్డీనంతటినీ రద్దు చేస్తూ, మొట్టమొదట తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీని కొట్టివేశారు. సంస్కరణ తమ ఇంటి నుండే మొదలైంది.

ఇస్లాం దృక్పథం పెట్టుబడిదారీ విధానానికి వ్యతిరేకమే అయినా సామ్యవాదంతో ఏకం కాదని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బ్యాంకుల పెట్టుబడి పరదేశాలపై పెత్తనానికి ఎలా దారితీస్తుందో ఇంగ్లండులో హాబ్సన్ 1902లోనూ, తరువాత లెనిన్ 1916లోనూ వ్రాశారు. వారి పరిశీలనలో మనం కాదనలేనిది చాలా ఉన్నది. కాని మార్క్సు అనుయాయులు దోషాన్ని ఉత్పత్తి సాధనాల సొంత ఆస్తిలో చూస్తారు. ఇస్లాం సొంత ఆస్తినీ, లాభాన్నీ అంగీకరిస్తుంది. దైవప్రవక్త (స) స్వయంగా, ప్రవక్త పదవి లభించక పూర్వం, హజ్రత్ ఖదీజా (రజి) పెట్టుబడితో సిరియాకు వర్తకం చేశారు. ఒకరి ధనం, మరొకరి శ్రమ, లాభంలో ఇద్దరికీ వాటా: ఇదే ముదారబా. ఇస్లాం అభ్యంతరం ధనం మీద కాదు, నష్టంలో పాలుపంచుకోకుండా ఖాయమైన లాభం అడిగే హక్కు మీద.

ఈజిప్టు ఎలా తాకట్టు పడింది?

ఇప్పుడు తోపుడుబండి స్థానంలో ఒక దేశాన్ని ఉంచి చూద్దాం. సూయజ్ కాలువ త్రవ్వటానికి ఫ్రెంచివాడైన ఫెర్డినాండ్ డి లెసెప్స్‌కు ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా 1854లో అనుమతి ఇచ్చాడు. వేలాది రైతులు వెట్టిచాకిరితో ఆ ఇసుక త్రవ్వారు. సయీద్ తరువాత 1863లో గద్దెనెక్కిన ఇస్మాయీల్ ఆ వెట్టిని ఆపబోతే కంపెనీ నష్టపరిహారం అడిగింది. 1864లో ఫ్రెంచి చక్రవర్తి 3వ నెపోలియన్ మధ్యవర్తిగా తీర్పు చెప్పి, ఈజిప్టు 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు చెల్లించాలన్నాడు. తన రైతుల చేత వెట్టి మాన్పించినందుకూ, తన భూమిని తాను వెనుకకు తీసుకొన్నందుకూ ఒక దేశం పరాయి కంపెనీకి పరిహారం కట్టింది!

అప్పట్లో అమెరికా అంతర్యుద్ధం (1861–65) వలన అక్కడి పత్తి రాక ఆగిపోయి, ఈజిప్టు పత్తికి మంచి ధర పలికింది. ఆ ధర శాశ్వతమని నమ్మి ఇస్మాయీల్ అప్పులు చేశాడు. రైలు మార్గాలు, పంటకాలువలు, పాఠశాలలు వచ్చిన మాట నిజమే. రాజభవనాలు, కైరోలో ఓపెరా భవనం, 1869 నవంబరులో కాలువ ప్రారంభానికి యూరపు రాజులకు ఇచ్చిన విందులు కూడా ఆ అప్పుతోనే వచ్చాయి. యుద్ధం ముగియగానే పత్తి ధర పడిపోయింది. వడ్డీ మాత్రం పడిపోలేదు.

1873లో పాత అప్పులు తీర్చటానికని ఒక పెద్ద అప్పు చేశారు. పత్రాలలో అది 3 కోట్ల 20 లక్షల పౌండ్లు. ఈజిప్టుకు దక్కినది సుమారు 2 కోట్లు మాత్రమే. వడ్డీ మాత్రం పత్రంలోని పూర్తి మొత్తం మీద. పదివేలు వ్రాసుకొని తొమ్మిది వేలు చేతిలో పెట్టే పద్ధతి మన వీధిలో పుట్టినది కాదు. లండను, పారిసు నగరాలలోని గొప్ప బ్యాంకులు ఒక దేశంతో అంతకంటె ఘోరంగా ఆడిన ఆటే అది.

ఆ తరువాత జరిగినది వరుసగా చూడండి. 1875 నవంబరులో ఇస్మాయీల్ కాలువ కంపెనీలో ఈజిప్టుకు గల 1,76,602 వాటాలను బ్రిటను ప్రభుత్వానికి సుమారు 40 లక్షల పౌండ్లకు అమ్మివేశాడు. ఆ సొమ్మును బ్రిటను ప్రధాని డిజ్రాయిలీ రాత్‌చైల్డ్ బ్యాంకు వద్ద తెచ్చి ఇచ్చాడు. 1876 నాటికి అప్పు 9 కోట్ల పౌండ్లకు చేరింది. ఆ సంవత్సరమే ఋణదాతల ప్రతినిధులతో ఒక 'ఋణ ఖజానా' నెలకొల్పబడి, దేశ ఆదాయం నేరుగా దానిలో జమ కావటం మొదలైంది. 1878లో ఆర్థిక మంత్రిగా ఒక ఇంగ్లీషువాడు, ప్రజాపనుల మంత్రిగా ఒక ఫ్రెంచివాడు మంత్రివర్గంలో కూర్చున్నారు. 1879లో ఆ రెండు రాజ్యాల ఒత్తిడిపై సుల్తాను ఇస్మాయీల్‌ను పదవి నుండి తొలగించాడు. 1880 నాటి చట్టం దేశ ఆదాయంలో దాదాపు సగాన్ని అప్పుకు కేటాయించింది. ఈజిప్టు ఈజిప్టువారిదేనంటూ అహ్మద్ ఉరాబీ నాయకత్వంలో సైనికులు, ప్రజలు లేచారు. 1882 జులై 11న బ్రిటిషు నౌకలు అలెగ్జాండ్రియాపై ఫిరంగులు పేల్చాయి. సెప్టెంబరు 13న తల్ అల్ కబీర్ వద్ద ఉరాబీ సైన్యం ఓడిపోయింది. అప్పుడు దిగిన బ్రిటిషు సైన్యం పూర్తిగా వెళ్ళిపోయినది 1956 జూనులో!

మొదట డబ్బు, తరువాత ఆస్తి, తరువాత ఖర్చులపై అదుపు, చివరకు తుపాకి. పండ్ల బండి దగ్గర చూసిన మెట్లే ఇవి.

ఉస్మానీ ఖిలాఫత్ అనుభవం

ఉస్మానీ రాజ్యం కథ కూడా ఇదే. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో మొదటి విదేశీ అప్పు. 1875లో చెల్లింపులు సాగక చేతులెత్తటం. 1881లో ముహర్రం మాసపు ఫర్మానాతో 'దుయూనె ఉమూమియ్యా' అనే ప్రజాఋణ సంస్థ స్థాపన. ఉప్పు, పొగాకు, స్టాంపులు, చేపలు, పట్టు మొదలైన వాటిపై వచ్చే పన్నులు ఈ సంస్థకు అప్పగించబడ్డాయి. దాని పాలకమండలిలో అత్యధికులు యూరపు ఋణదాతల ప్రతినిధులు. దాని క్రింద 5,000 మందికి పైగా ఉద్యోగులు. ఖలీఫా రాజ్యంలో రైతు కొనే ఉప్పు మీది పన్ను పారిసులోని బాండ్ల యజమానికి పోయేది. ఖిలాఫత్ పోయింది, రాజ్యం పోయింది. దాని అప్పులో తన వంతును టర్కీ గణతంత్రం కట్టి ముగించినది 1954లో.

ఐతే అదే కాలంలో మరొక ఉదాహరణ కూడా కలదు. 1900లో సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ దమస్కు నుండి మదీనాకు హిజాజ్ రైలు మార్గం వేయ సంకల్పించాడు. ఈసారి విదేశీ అప్పు చేయలేదు. ప్రపంచ ముస్లింల నుండి విరాళాలు సేకరించారు. హిందూదేశం నుండి, మన హైదరాబాదు నుండి కూడా చందాలు వెళ్ళాయి. అన్నీ స్వచ్ఛంద విరాళాలేనని చెప్పలేము. ఉద్యోగుల జీతాల నుండి కోతలు కోశారు, ప్రత్యేక స్టాంపులు పెట్టారు. అయినప్పటికీ సుమారు 1,300 కిలోమీటర్ల ఆ మార్గం 1908లో మదీనా చేరింది. దాని మీద ఏ బ్యాంకుకూ తాకట్టు హక్కు లేదు. వడ్డీ లేకుండా పెద్ద పనులు జరగవనే వారికి ఇది ఒక సమాధానం.

పెట్రోలు సొమ్ము, రొట్టె ధర

సామ్రాజ్యాలు పోయినా ఋణసంబంధం పోలేదు. 1973 యుద్ధం తరువాత కొద్ది నెలలలో పెట్రోలు ధర నాలుగు రెట్లయింది. అరబ్బు దేశాలకు వచ్చిన అపారధనంలో పెద్ద భాగం అమెరికా, యూరపు బ్యాంకులలో వడ్డీకి చేరింది. ఆ బ్యాంకులు అదే ధనాన్ని పెట్రోలు కొనలేక అవస్థపడుతున్న పేద దేశాలకు, వాటిలో ముస్లిం దేశాలకు కూడా, మారే వడ్డీ రేటుపై అప్పులిచ్చాయి. ఒక ముస్లిం దేశపు సొమ్ము పరాయి బ్యాంకు ద్వారా మరొక ముస్లిం దేశపు మెడకు ఉరి అయింది. 1979 నుండి అమెరికా తన దేశంలోని ధరల పెరుగుదలను అరికట్టటానికి వడ్డీ రేట్లను ఒక్కసారిగా పెంచింది. అప్పు తీసుకొన్న దేశాల తప్పు లేకుండానే వాటి బాకీ ఉబ్బిపోయింది. 1982 ఆగస్టులో మెక్సికో ఇక చెల్లించలేనన్నది. అక్కడి నుండి దేశం వెంట దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి గుమ్మం ఎక్కాయి.

ద్రవ్యనిధి సైన్యాన్ని పంపదు, షరతులు పంపుతుంది: సబ్సిడీలు తగ్గించండి, నాణెం విలువ దించండి, ప్రభుత్వ సంస్థలు అమ్మండి. ఈ షరతులు పేదవాని ఇంటిలో రొట్టె ధరగా కనిపిస్తాయి. 1977 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం ఆహార సబ్సిడీలు తగ్గించగానే 18, 19 తేదీలలో దేశమంతా అల్లర్లు చెలరేగి, ప్రభుత్వం వెనుకకు తగ్గింది. 1984లో టునీషియాలోనూ, 1989లో జోర్డానులోనూ ఇటువంటివే జరిగాయి. 2024 మార్చిలో ఈజిప్టు ద్రవ్యనిధితో ఒప్పందాన్ని 800 కోట్ల డాలర్లకు పెంచుకొన్నది. నాణెం విలువను మార్కెట్టుకు వదిలింది. ఆ సంవత్సరం జూన్ 1 నుండి, మూడు దశాబ్దాలకు పైగా 5 పియాస్టర్లుగా ఉన్న సబ్సిడీ రొట్టె ధర 20 పియాస్టర్లయింది. దీనికంతటికీ ద్రవ్యనిధి ఒక్కటే కారణమనటం న్యాయం కాదు. పాలకుల దుబారా, అవినీతి కూడా ఉన్నాయి. కాని దుబారా చేసినవాడు ఒకడు, రొట్టె దగ్గర చెల్లించేవాడు మరొకడు. ఇస్మాయీల్ విందులకు రైతు చెల్లించినట్టే.

మన వాకిట

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోవద్దు. పేద స్త్రీలను బృందాలుగా చేర్చి, వారం వారం వాయిదాలపై అప్పులిచ్చే సూక్ష్మఋణ కంపెనీలు మన రాష్ట్రంలో విస్తరించాయి. ఒకరు కట్టకపోతే బృందంలోని తక్కినవారు కట్టాలి. అనగా పొరుగింటి ఆమె చేతనే పొరుగింటి ఆమెను నిలదీయించే పద్ధతి. 2010లో ఈ రంగంలోని ఒక పెద్ద కంపెనీ స్టాకు మార్కెట్టులో వాటాలు అమ్మి ధనం రాబట్టింది. ఆ సంవత్సరమే వసూళ్ళ వేధింపులు తాళలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తలు పత్రికలలో నిండాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్ళను కట్టడి చేసింది. 2011లో రిజర్వు బ్యాంకు ఇటువంటి అప్పులపై వడ్డీ 26 శాతం మించరాదన్నది. 2022 నిబంధనలలో వడ్డీకి గరిష్ట పరిమితిని తొలగించి, రేటు నిర్ణయాన్ని కంపెనీలకే వదిలింది.

చట్టాలు అవసరమే. కాని చట్టం రేటును తగ్గించగలదు, పెంచగలదు; నష్టభయమంతా బీదవాని మీద ఉండే అమరికను అది ముట్టుకోలేదు.

మనం చేయవలసినది

ముందుగా మన తప్పు ఒప్పుకోవాలి. హదీసులో వడ్డీ తినేవాడే కాదు, ఇచ్చేవాడు, పత్రం వ్రాసేవాడు, సాక్షులు అందరూ దోషులుగా పేర్కొనబడ్డారు. వైద్యానికి గతిలేక అప్పు చేసినవాని సంగతి వేరు. కాని మన మొహల్లాలలో ఎన్నో అప్పులు పెండ్లి విందుల కోసం, కట్నకానుకల కోసం చేసినవి. షాదీఖానా అలంకరణకు వడ్డీకి తెచ్చేవాడు చిన్న ఎత్తున ఇస్మాయీల్ పాషాయే.

రెండవది, పేరు మార్చి తృప్తిపడకూడదు. 1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్ పట్టణంలో అహ్మద్ అల్ నజ్జార్ రైతుల పొదుపుతో వడ్డీ లేని బ్యాంకు ప్రారంభించాడు. 1975లో జిద్దాలో ఇస్లామీ అభివృద్ధి బ్యాంకు వచ్చింది. నేడు ఇస్లామీ బ్యాంకులు ఎన్నో దేశాలలో ఉన్నాయి. కాని వాటి వ్యాపారంలో లాభనష్టాల భాగస్వామ్యం స్వల్పం. సరుకు కొని వాయిదాలపై ఎక్కువ ధరకు అమ్మే మురాబహా పద్ధతే అధికం. కొన్నిచోట్ల సరుకు కాగితం మీద మాత్రమే చేతులు మారి, చివరకు నగదే మిగులుతుంది. ఈ 'వ్యవస్థీకృత తవర్రుఖ్' అనుమతింపదగినది కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 2009లో తీర్మానించింది. నష్టభయాన్ని పంచుకోని లావాదేవీకి అరబ్బీ పేరు పెట్టినంత మాత్రాన నిషేధపు ఉద్దేశం నెరవేరదు.

మూడవది, మనకు మన సంప్రదాయమే కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతాలపై 1940 దశకంలోనే గ్రంథం వ్రాశారు. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఇక్కడి వడ్డీ లేని సహకార ఋణసంఘాలను గురించి 1955లో ఒక వ్యాసంలో లోకానికి తెలియజేశారు. నగ కుదువపెట్టుకొని పైసా వడ్డీ లేకుండా అప్పు ఇచ్చే బైతుల్‌మాల్ సంఘాలు నగరంలో నేటికీ ఉన్నాయి. అవి చిన్నవి. రోజుకు వంద కట్టే బండివాని దాకా వాటి చేయి ఇంకా చాలినంతగా చేరలేదు.

తొలి రోజులలో ఋణం తీర్చకుండా చనిపోయినవాని జనాజా వస్తే, బాకీ ఎవరైనా తమ మీద వేసుకొనేవరకు దైవప్రవక్త (స) నమాజు చేయించేవారు కాదు. తరువాత స్థోమత కలిగినప్పుడు ఆ బాకీలను తామే భరించారు. తౌబా సూరా 60వ ఆయతు జకాత్ హక్కుదారులలో ఋణగ్రస్తులను కూడా చేర్చింది. అనగా ఒకని అప్పు అతని ఒక్కని విషయం కాదు, సమాజం విషయం. మన మస్జిదులో మన ప్రక్కన నిలబడి నమాజు చేసేవారిలో ఎందరు రోజువారీ అప్పు కడుతున్నారో, దేనికి చేశారో మస్జిదు కమిటీకి తెలుసునా? ఈ రంజాన్‌లో పంచే జకాత్‌లో వారికని ఎంత తీసి ఉంచాము? ప్రపంచ బ్యాంకులను మార్చే శక్తి మనకు నేడు లేదు. కాని ఒక మొహల్లాలోని పది బండ్లను ఆ నూరు రోజుల లెక్క నుండి విడిపించే శక్తి ప్రతి మస్జిదుకూ కలదు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక!